తిట్ల తీగ

నమోదు 1. తిరుగుతున్న పంపులు: ఏడు

ఈ ఏడాది కింది పేట నమోదు రాసే వంతు నాకొచ్చింది. సముద్రం కంటే పల్లంలో, కట్ట కింద బతికే ప్రతి పేటా తన సంగతులు తనే రాసిపెట్టుకోవాలన్నది మా నియమం. నీళ్లు కట్ట దాటిన రోజున ఇళ్లు మిగలవు, మాటలైనా మిగలాలి. రాసేవాడి పేరు తీతు. సుగుణ సీల్స్ కంపెనీలో రబ్బరు ఉడికించే పొయ్యి దగ్గర పని. ఆదివారం రేకుల మందిరంలో వాక్యం చెబుతాను. ఏ కాలేజీ నాకు నేర్పలేదు, ఏ బిషప్పూ నా తల మీద చెయ్యి పెట్టలేదు. చదివాను, మండాను, చెబుతున్నాను. చదివేవాళ్లందరికీ వందనాలు.

ఈ ఉదయం కంపెనీ గేటు దగ్గర ఎప్పటిలాగే ప్రార్థన చేశాను. ఎప్పటిలాగే నేను ఆమెన్ అనకముందే తీగ దగ్గర తిట్లు మొదలయ్యాయి.

క్యాంటీన్ ముందు రెండు స్తంభాల మధ్య ఒక ఇనుప తీగ ఉంటుంది. నిన్నటి పరీక్షలో ఓడిపోయిన రింగులన్నీ తెల్లారేసరికి దాని మీద వేలాడుతుంటాయి. అన్నం పళ్లెమంత నల్లటి రబ్బరు రింగులు. పంపు ఇరుసు చుట్టూ బిగుసుకుని కూర్చుని ఉప్పునీళ్లు మోటారులోకి పోకుండా ఆపేవి అవే. రబ్బరు కలిపేవాళ్లు, అచ్చు పోసేవాళ్లు, ఉడికించేవాళ్లు, పరీక్షించేవాళ్లు తీగ చుట్టూ నిలబడి, తప్పెవరిదో తేలేదాకా ఒకరినొకరు తిట్టుకుంటారు. తేలాకే టీ. ఓనరు పిచ్చేశ్వరరావు గారి తండ్రి పెట్టిన ఆచారం ఇది.

"ఇది పొయ్యి దగ్గర మాడింది. అంచు చూడండి," అంది నాంచారమ్మ. రబ్బరు కలిపే మరకు పెద్ద ఆవిడే. ఆ మర చప్పుడు మీద మాట వినిపించాలని గొంతు పెంచి పెంచి, ఇప్పుడు ఇంట్లో కూడా అదే గొంతు.

"మాడలేదు. నువ్వు రబ్బరులో మసి ఎక్కువేశావు," అన్నాను.

"మసి ఎక్కువైతే వంచితే పుటుక్కుమనిద్ది. వంచు. అన్నదా? ఊళ్లోవాళ్లకి నరకంలో పొయ్యి గురించి చెప్తావు గాని, ముందు నీ పొయ్యి చూసుకో బ్రదరూ."

అందరూ నవ్వారు. తప్పు నాదే అని తేలింది. వేడి తగ్గించి వచ్చి టీ తాగాను.

టీ దగ్గర పిచ్చేశ్వరరావు గారు సంగతి చెప్పారు. మధ్య కంపెనీలు దేశానికి బరువని రాజధానిలో లెక్క తేల్చారట. ఇరవై మందికి మించి, ఇరవై వేలకు లోపు మనుషులున్న కంపెనీ ఇక ఉండకూడదు. మేం నూట పద్దెనిమిది మందిమి. మాకు రెండు దారులు. ఒకటి, బియ్యం నుంచి రైళ్ల దాకా దేశంలో సగం వస్తువులు చేసే 'సమస్త'లో కలిసిపోవడం.

"కలిస్తే?" అని అడిగాడు హోసన్న. పరీక్ష గది అతనిది.

"మన మరల్ని తుక్కుకి పంపుతారు. మన రింగు వాళ్ల జాబితాలో లేదయ్యా."

రెండో దారి, ఇరవై మందికి మించని ఇంటి షెడ్లుగా విడిపోవడం.

అందరూ నా వైపు చూశారు. బల్ల ఎక్కాను. గిద్యోను సంగతి చెప్పాను. ముప్పై రెండు వేల మందితో యుద్ధానికి బయల్దేరినవాణ్ణి దేవుడు ఆపి, నీ జనం ఎక్కువైపోయారని పంపించేస్తూ పంపించేస్తూ మూడు వందలకు తెచ్చాడు. ఆ మూడు వందల మందే మిద్యానీయుల్ని తరిమారు. పెద్ద గుంపును చూసి భయపడకండి, చిన్న షెడ్డును చూసి సిగ్గుపడకండి, దేవుడికి కావలసింది తక్కువ మందే అని గర్జించాను. షెడ్డు రేకులు అదిరేలా ఆమెన్ వచ్చింది.

నాంచారమ్మ మాత్రం గ్లాసు కడుక్కుంటూ అంది. "గిద్యోను జనాన్ని తగ్గించాడు గాని, ముక్కలు చెయ్యలేదు గదా బ్రదరూ."

ఆమె మందిరానికి వచ్చే మనిషి కాదు. వాక్యం ఆమెకేం తెలుసనుకున్నాను.

నమోదు 2. తిరుగుతున్న పంపులు: ఏడు

ఆరు షెడ్లుగా విడిపోయాం. మరలు పడవల మీదా బళ్ల మీదా ఇళ్లకు చేరాయి. కలిపే మర నాంచారమ్మ పెరట్లో. అచ్చులు కట్ట మీద ఒక షెడ్డులో. పొయ్యి మా ఇంటి వసారాలో. పరీక్ష బల్ల హోసన్న ఇంట్లో, వాళ్లావిడ కుట్టు మిషను పక్కన. పిచ్చేశ్వరరావు గారి చేతిలో తాళాల గుత్తి ఒకటే మిగిలింది, తియ్యడానికి గదులు లేవు.

విభజన అధికారిణి మృదుల గారు షెడ్డు షెడ్డుకీ తిరిగి మనుషుల్ని లెక్కబెట్టింది. ఎగువ పేట అమ్మాయి, మర్యాదస్తురాలు. "ఒక పని మీద ఇరవై మందికి మించి ఒక కప్పు కింద చేరకూడదండీ. పెళ్లిళ్లకీ ప్రార్థనలకీ అడ్డు లేదు. అవి పని కాదు గదా," అంది.

"ప్రార్థన పని కాదని ఎవరన్నారమ్మా?" అన్నాను.

ఆమె నవ్వి రాసుకుని వెళ్లింది.

ఎంత నెమ్మది. పొద్దున్నే తిట్లు లేవు. కలిపిన రబ్బరు అచ్చులవాళ్లు కొంటారు, వాళ్ల అచ్చు నేను కొని ఉడికిస్తాను, నా దగ్గర హోసన్న కొంటాడు. ఎవరి మాట వాళ్లది, ఎవరి షెడ్డు వాళ్లది. సహోదరులు ఐక్యంగా ఉండటం ఎంత మేలో ఇప్పుడు తెలిసిందని ఆదివారం చెప్పాను. తిట్ల తీగను నా భార్య సలోమి ఇంటికి తెచ్చి బట్టలు ఆరేసుకోవడానికి కట్టింది.

సలోమి పంపుల గదిలో పనిచేస్తుంది. ఏడు పంపులూ ఆమె చేతి కిందే. తీగ మీద తడి చీర వేస్తూ, "ఇన్నాళ్లూ దీని మీద మీ గోలే వేలాడింది. ఇప్పుడు కొంచెం పనికొచ్చింది," అంది.

నమోదు 3. తిరుగుతున్న పంపులు: ఆరు

సలోమి పంపు రింగును బకెట్లో వేసుకుని ఇంటికొచ్చింది. కొత్త రింగు. నా పొయ్యిలో ఉడికిందే. అంచున వెంట్రుకవాసి పగులు, దాంట్లోంచి ఉప్పునీళ్లు మోటారులోకి పోయాయి.

"మోటారు కాలిపోయింది. ఇంకో మోటారు ఉంది గాని, దానికి వేసే రింగు ఇట్టాంటిదైతే వెయ్యను," అంది.

హోసన్న దగ్గరికి వెళ్లాను. "కొలత సరిపోయింది తీతన్నా. నేను కొన్నది కొలత చూసి ఇవ్వడానికే. సాగదీసే పరీక్షకి వేరే డబ్బులివ్వాలి, ఎవరూ అడగలా."

అచ్చుల షెడ్డుకి వెళ్లాను. వాళ్లకి వచ్చిన రబ్బరు ముందుకంటే బిరుసుగా ఉందట. బిరుసైతే అచ్చు తొందరగా అరుగుతుంది కాబట్టి కొంచెం వదులుగా నొక్కుతున్నారట. నాంచారమ్మ పెరట్లోకి వెళ్లాను.

"మంచి మసి తెచ్చేవాడు ఊళ్లు తిరగడం మానేశాడు. నా ఒక్కదానికి అంత దూరం రాడంట. దొరికిందే కలుపుతున్నా. ఎవరన్నా వచ్చి తిడితే గదా, బాగాలేదని తెలిసేది. నువ్వన్నా వచ్చి తిట్టావా?"

నా పొయ్యి సంగతి నాకు తెలుసు. కరెంటు ఇప్పుడు నా ఇంటి మీటరు మీద తిరుగుతోంది. అందుకని రింగులు కాస్త ముందే దించుతున్నాను. ఒక్కొక్కటీ చిన్న సర్దుబాటే. ఎవరి సర్దుబాటు వాళ్లకు న్యాయమే. అన్నీ కలిసి ఒక పగులు అయ్యాయి, అది ఎవరి షెడ్డులోనూ లేదు.

ఆ మధ్యాహ్నం బస్సెక్కి ఎగువ పేటకు వెళ్లాను. బస్సు తలుపు తాడుతో కట్టి ఉంది. కీలు దొరకడం లేదట. చౌక దుకాణంలో తక్కెడకు స్ప్రింగు లేదు, అరచేత్తో తూస్తున్నారు. ఆసుపత్రిలో మంచాల చక్రాలు ఆగిపోయి, రోగుల్ని దుప్పట్లో మోస్తున్నారు. రోజూ కనబడుతున్నవే. ఇంతవరకూ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

నమోదు 4. తిరుగుతున్న పంపులు: అయిదు

సమస్త కౌంటరుకు వెళ్లాను. మనిషి లేడు, గోడలోంచి గొంతు వస్తుంది. చాలా మంచి గొంతు, మా మందిరంలో పాటకు పెట్టుకోవచ్చు.

"మీకు ఏం కావాలో చెప్పండి."

"పంపు ఇరుసుకి వేసే రబ్బరు రింగులమ్మా. ఉప్పునీళ్లకి ఆగేవి."

"ఈ వస్తువు మా జాబితాలో లేదు. కొత్త వస్తువుకు కనీస ఆర్డరు లక్ష."

"మా ఊరికి ఏడాదికి నలభై చాలు."

"నలభై వేలా?"

"నలభై."

"మీరు చెప్పిన సంఖ్య అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

నలభై అన్నాను. నలభై రాత్రింబగళ్లు వాన కురిసిందన్నాను, నలభై ఏళ్లు జనం అరణ్యంలో నడిచారన్నాను, నలభై అంటే నీకు అర్థం కాకపోవడమేంటన్నాను. వెనక వరసలో ఉన్నాయన నా భుజం తట్టాడు. "పోనీలెండి అయ్యగారూ, నాకు కళ్లజోడు బిగించే మరమేకులు రెండు కావాలి. దాన్ని ఇప్పుడే కోప్పడితే నాకేమీ ఇవ్వదు."

పంపులన్నీ తీసేసి తమ పంపులు పెట్టడానికి సమస్త ఒప్పుకుంది. మా వంతు నాలుగేళ్లకు వస్తుందట.

ఎగువ పేటలోనే ఒకాయన ఇంట్లో వస్తువులు ముద్రించే యంత్రం పెట్టుకున్నాడు. ఏది చూపిస్తే అది చేస్తాడు. మా రింగు చూపించాను, చక్కగా చేసిచ్చాడు. సలోమి దాన్ని పంపుకు వేసింది. ఒక సముద్రపు పోటుకు ఆగింది, రెండో పోటుకు జారిపోయింది. ఇంకొకటి చేయించాను. అది మొదటిదానిలా లేదు.

"ఒకటంటే బాగా చేస్తానండీ. అన్నీ ఒకేలా రావాలంటే నా వల్ల కాదు," అన్నాడు. నిజాయితీపరుడు.

లక్ష చేసేవాడు నలభై చెయ్యడు. ఒకటి చేసేవాడు నలభై చెయ్యలేడు. మధ్యలో నిలబడి ఊరికి నలభై చొప్పున చేసినవాళ్లం మేము. మా కాళ్ల కింద నేలను మేమే ఆరు ముక్కలు చేసుకున్నాం, దానికి నేను ఆమెన్ కూడా అనిపించాను.

నమోదు 5. తిరుగుతున్న పంపులు: నాలుగు

చేపల బజారులో బుట్ట బోర్లించి దాని మీద నిలబడి బోధించాను. సౌలు రాజు రోజుల్లో ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి లేకుండా చేశారు ఫిలిష్తీయులు. నాగలి కర్రు పదును పెట్టాలన్నా, గొడ్డలికి అంచు తియ్యాలన్నా, శత్రువు ఊరికే దిగిపోవాలి. దేశంలో రాజు ఉన్నాడు, రైతు ఉన్నాడు, మధ్యలో ఉండాల్సిన కమ్మరి లేడు. యుద్ధం నాడు సైన్యం చేతిలో కత్తి లేదు. వినండి, మీ పడవ కీలు ఎక్కడ, మీ తక్కెడ స్ప్రింగు ఎక్కడ, మీ కమ్మరి ఎక్కడ అని అరిచాను. నా గొంతు పోయింది. జనం విన్నారు, చేపలు కొనుక్కుని వెళ్లారు.

ఇంటికొచ్చేసరికి తలుపు మీద తాఖీదు అంటించి ఉంది. పంపులు మూడుకు దిగితే, ఆ తర్వాతి పెద్ద పోటు వేళకు ఎగువ పేటను కాపాడటానికి లోపలి కట్ట గేటు మూసేస్తారు. అంటే కింది పేటను సముద్రానికి వదిలేస్తారు. మా ఇల్లు, రేకుల మందిరం, చేపల బజారు, సలోమి పంపుల గది, అన్నీ గేటుకు ఈవలే.

సలోమి వసారాలో కూర్చుని కాళ్లకు పట్టిన ఉప్పు గీరుకుంటోంది.

"నువ్వు సామాను సర్దు. నేను పంపుల గదిలోనే ఉంటా," అంది.

"గేటు మూశాక కూడానా?"

"తిరిగే పంపును వదిలేసి ఎట్టా వస్తాను? అది తిరిగినంతసేపు ఎవరో ఒకరు కట్ట ఎక్కి వెళ్లొచ్చు గదా." చేతులకంటిన ఉప్పు దులిపి అంది. "ఆ గిద్యోను మనుషులు మూడు వందల మందీ ఎక్కడికి పోయారు?"

"ఎక్కడికీ పోలేదు. యుద్ధం చేశారు."

"ఎవరింట్లో వాళ్లు కూర్చునా?"

బైబిలు తీశాను. ఎన్నిసార్లు బోధించానో లెక్కలేని అధ్యాయం. ప్రతిసారీ జనం తగ్గిన చోట గర్జించి, ఆమెన్ రాగానే దిగిపోయేవాణ్ణి. ఆ తర్వాతి వాక్యాలు నిదానంగా చదివాను. మూడు వందల మందీ మిద్యానీయుల దండు చుట్టూ ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. ఒకే శిబిరం చుట్టూ. దివిటీలు దాచిన కుండలు ఒక్కసారిగా పగలగొట్టారు, ఒక్కసారిగా బూరలు ఊదారు. పక్కవాడి చేతిలో దివిటీ ప్రతివాడికీ కనబడుతూనే ఉంది.

నాంచారమ్మ గ్లాసు కడుక్కుంటూ అన్నది అదే. వాక్యం తెలియని మనిషికి వాక్యం తెలిసింది, బల్ల ఎక్కినవాడికి తెలియలేదు. ప్రభువా, నా నోరు ఒక పేటను ముంచింది.

లేచి తీగ మీది బట్టలు తియ్యడం మొదలుపెట్టాను.

"తడి ఆరలేదు," అంది సలోమి.

"తీగ కావాలి."

ఆమె నా మొహం చూసింది. రెండో కొసన ముడి విప్పింది.

నమోదు 6. తిరుగుతున్న పంపులు: మూడు

పెళ్లిళ్లకీ ప్రార్థనలకీ అడ్డు లేదని మృదుల గారు చెప్పారు. రేకుల మందిరంలో మూడు దినాల ఉజ్జీవ కూడిక అని మైకులో చాటించాను. కూడికకు వచ్చేవాళ్లు బైబిలుతో పాటు ఎవరి మర వాళ్లు తెచ్చుకోవాలని ఇంటింటికీ వెళ్లి చెప్పాను.

పొద్దున్నుంచే బళ్లు వచ్చాయి. కలిపే మరను పన్నెండు మంది మోసుకొచ్చి పాటల బృందం కూర్చునే చోట దించారు. అచ్చులు బల్లల మీద. నా పొయ్యి బోధపీఠం పక్కన. పిచ్చేశ్వరరావు గారు తిరుపతి మొక్కున్న మనిషి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఎక్కడ నిలబడమంటావు తీతూ?" అని అడిగారు. తీగ పక్కన నిలబడమన్నాను. మంచి మసి రెండు బస్తాలు, ఆఖరి నిల్వ, ఆయనే సొంత ఇంట్లోంచి తెచ్చారు.

పెద్ద పోటు వచ్చేలోగా నాలుగో పంపు తిరగాలి. తిరగకపోతే గేటు దిగుతుంది. జనం అప్పటికే మూటలతో కట్ట ఎక్కుతున్నారు.

మొదటి రింగు దిగింది. హోసన్న సాగదీశాడు, తెగింది. తీగ మీద వేశాం. అందరం దాని చుట్టూ చేరాం. ఇన్నాళ్ల మర్యాద నోళ్లకు అడ్డం పడింది. వీధిలో నీళ్లు మెట్టు ఎక్కుతున్నాయి.

"ఎవరన్నా తిట్టండయ్యా," అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

నాంచారమ్మ రింగు తీసి వాసన చూసింది. "ఇది ఉడకలా. పచ్చి వాసన. కరెంటు మిగుల్చుకుని ఏం చేస్తావు బ్రదరూ, సముద్రానికి దీపం పెడతావా?"

"నీ రబ్బరులో ముద్దలున్నాయి, ఎంత ఉడికినా అంతే."

"ముద్దలుంటే అచ్చులోళ్లు చెప్పొద్దా? చేతులు లేవా?"

"చెప్తే కొట్టేటట్టు చూస్తావు," అన్నాడు అచ్చుల షెడ్డువాడొకడు.

అంతే. మందిరం హోరెత్తింది. అన్ని ఆదివారాల్లోనూ ఆ రేకుల కింద నేను అంత మండే సాక్ష్యం వినలేదు. నాంచారమ్మ మళ్లీ కలిపింది. వాళ్లు బిగించి నొక్కారు. నేను పొయ్యి పూర్తిగా మండించాను. రెండో రింగు కూడా తీగ ఎక్కింది, ఈసారి తిట్లు సూటిగా అచ్చు మీదకే వెళ్లాయి.

మృదుల గారు అప్పుడొచ్చింది. మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"ఏం జరుగుతోందండీ ఇక్కడ?"

"సాక్ష్యాల కూడికమ్మా," అన్నాను.

"ఆ తీగ మీద ఏంటవి?"

"మా పాపాలండి," అంది నాంచారమ్మ.

"మరి పొయ్యి ఎందుకు?"

"బ్రదరు నరకం గురించి చెప్తన్నాడండి. చూపిస్తే గాని మాకు ఎక్కదు," అన్నాడు హోసన్న.

ఆమె మమ్మల్ని వరసగా చూసింది. లెక్కబెడుతోందని పెదాలు చెబుతున్నాయి. నూట పద్దెనిమిది దాకా వెళ్లి ఉంటుంది. "ఇది నేను రాయక తప్పదు. ప్రార్థన ఉన్నంతసేపు ఆపే అధికారం నాకు లేదు. అయిపోయిందంటే మాత్రం ఈ తలుపుకి సీలు వేసి తీరాలి," అంది. తర్వాత ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది.

మూడో రింగును హోసన్న సాగదీశాడు, మెలితిప్పాడు, ఉప్పునీళ్లలో నొక్కిపెట్టాడు. తీగ వైపు వెళ్లబోయి ఆగాడు. తలకెత్తుకుని పంపుల గదికి పరిగెత్తాడు. వీధిలో నీళ్లు అతని నడుం దాకా ఉన్నాయి.

గేటు సైరను మోగింది.

నమోదు 7. తిరుగుతున్న పంపులు: నాలుగు

గేటు సగం దిగి ఆగింది. దాని కింద నుంచి మనుషులు వంగి వెనక్కు వస్తున్నారు.

పల్లపు వీధులు రెండు పోయాయి. మా వసారా పోయింది. చేపల బజారులో నేను నిలబడ్డ బుట్ట ఎక్కడికి కొట్టుకుపోయిందో. ఈ ఒక్క రింగు ఎంతకాలం ఆగుతుందో ఎవరికీ తెలియదు. మంచి మసి ఒక బస్తాకు వచ్చింది. ప్రార్థనలకు కూడా లెక్క పెట్టాలని రాజధానికి రాత వెళ్లిందని మృదుల గారే చెప్పారు. జవాబు ఏ పూటైనా రావచ్చు. ఆమె తలుపు పక్కనే కూర్చుని ఉంది, సీలు ఒళ్లో పెట్టుకుని.

పొద్దున సలోమి వచ్చింది. ఒళ్లంతా ఉప్పు, కళ్లు ఎర్రగా. బకెట్లోంచి మూడు పగిలిన రింగులు తీసి తీగకు తగిలించింది. "ఇవి కూడా మీవే. ఇంకా మూడు కావాలి," అని, నిలబడే నాలుగు ముద్దలు తిని మళ్లీ వెళ్లిపోయింది.

"రండి రండి, ఈ మొదటిది ఎవరిదో చెప్పండి," అని అరుస్తోంది నాంచారమ్మ.

నేను బోధపీఠం దగ్గర మోకాళ్ల మీద ఉండి ఇది రాస్తున్నాను. నిన్న మొదలుపెట్టిన ప్రార్థన ఇంకా నా నోట్లోనే ఉంది. ఆమెన్ అంటే కూడిక ముగుస్తుంది. కూడిక ముగిస్తే మేం కంపెనీ అవుతాం.

అందుకే ఇంకా ఆమెన్ అనలేదు.